టీ తోటకు గొడుగు పట్టే చెట్లు.. ఎండలు ముదురుతున్న వేళ వాటి లెక్క ఎందుకు మారుతోంది?

మన టీకొట్టులో గ్లాసు టీ ధర పెరిగితే పాలు, పంచదార గుర్తొస్తాయి. అస్సాంలో ఎండ ఎలా ఉందన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. కానీ దేశంలో పండే టీలో సగానికి పైగా ఆ ఒక్క రాష్ట్రం నుంచే వస్తుంది. అక్కడ ఎండ, వాన లెక్క తప్పితే దాని ప్రభావం దేశమంతా పడుతుంది.

2024లో అదే జరిగింది. 2023లో దేశంలో సుమారు 139 కోట్ల కిలోల టీ తయారైతే, మరుసటి ఏడాది అది సుమారు 128 కోట్ల కిలోలకు పడిపోయింది. ఒక్క మే నెలలోనే, అంతకు ముందు ఏడాది మేతో పోలిస్తే, ఉత్పత్తి 30 శాతానికి పైగా తగ్గింది. మొదట ఎండలు మాడ్చేశాయి. ఆ వెంటనే వరదలొచ్చాయి. ఏడాది చివర్లో నాసిరకం ఆకు మార్కెట్లోకి రాకుండా చూడాలని టీ బోర్డు ఉత్తరాది తోటల్లో నవంబర్ 30కే ఆకు కోత ఆపించింది. అది కూడా కొంత తోడైంది.

ఈ నేపథ్యంలో టీ శాస్త్రవేత్తలు, ఎస్టేట్ల యజమానులు, చిన్న రైతులు మళ్లీ ఓ పాత విషయాన్నే మాట్లాడుకుంటున్నారు. అదే నీడ చెట్టు. టీ పొదల మధ్య ఎత్తుగా, పల్చగా నిలబడే చెట్లను ఫొటోల్లో అందరూ చూసే ఉంటారు. అవి అందం కోసం పెంచినవి కావు. మరి ఎందుకు పెంచుతారు? అంత మేలు చేసేవైతే చాలాచోట్ల వాటిని ఎందుకు కొట్టేశారు? ఇప్పుడు తిరిగి నాటాలంటే ఆ ఖర్చు ఎవరు భరించాలి?

మొదట అన్నీ కొట్టేశారు

టీ మొక్క పుట్టుకతో అడవి మొక్క. కత్తిరించకుండా వదిలేస్తే అస్సాం రకం చెట్టంత ఎత్తు ఎదుగుతుంది. అడవిలో పెద్ద చెట్ల కింద, వడగట్టిన వెలుతురులో పెరగడం దానికి అలవాటు. ఆకు చేతికి అందాలి కాబట్టి నడుం ఎత్తులో కత్తిరిస్తూ పొదలా ఉంచుతారు.

1830ల చివర్లో అస్సాంలో తోటలు వేయడం మొదలుపెట్టిన బ్రిటిష్ వాళ్లు అడవిని నరికి, నేలంతా శుభ్రం చేసి టీ నాటారు. పంటకు పూర్తి ఎండ కావాలన్నది అప్పటి నమ్మకం. అయితే అక్కడక్కడా నరక్కుండా వదిలేసిన 'సౌ' అనే చెట్ల కింద పొదలు ఇంకాస్త పచ్చగా, బలంగా కనిపించాయి. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి చాలా తోటల్లో ఆ చెట్లను కావాలనే నాటడం మొదలైంది. సౌ చెట్టు మనకు తెలిసిన దిరిసెన చెట్టుకు దగ్గరి చుట్టం.

ఆ చెట్టు కింద పొద ఎందుకు బాగుంటోంది? అప్పట్లో అందరూ చెప్పిన జవాబు నేల బలం. దిరిసెన కుటుంబం చెట్లు కంది, పెసర మొక్కల్లాగే వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయి. ఆకు రాలితే ఎరువు అవుతుంది. ఆ మాట నిజమే గానీ, అదొక్కటే కారణం కాదు.

అసలు సంగతి ఆకు వేడిలో ఉంది

అస్సాంలోని జోర్హాట్‌లో 1911లో మొదలైన టోక్లాయ్ టీ పరిశోధన కేంద్రం ప్రపంచంలోని పాత టీ పరిశోధన సంస్థల్లో ఒకటి. 1960లలో అక్కడ జరిగిన ప్రయోగాలు నీడ గురించిన ఆలోచననే మార్చేశాయి. గాలి వేడి వేరు, ఆకు వేడి వేరు అని అవి చూపించాయి. ఎర్రటి ఎండలో, గాలి కదలని పూట, ఆకు ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలి కంటే చాలా ఎక్కువకు చేరుతుంది.

టీ ఆకు సుమారు 35 డిగ్రీల వరకు చక్కగా ఆహారం తయారు చేసుకుంటుంది. అది దాటాక ఆ పని వేగంగా తగ్గుతుంది. 40 డిగ్రీల దరిదాపుల్లో దాదాపు ఆగిపోతుంది. అంటే మిట్టమధ్యాహ్నం పొద మీద బోలెడంత వెలుగు పడుతున్నా, లోపల పని బంద్ అయినట్టే. పైన పల్చటి నీడ ఉంటే ఆకు వేడి తగ్గి పొద మధ్యాహ్నం కూడా పనిచేస్తుంది.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. అస్సాం రకం ఆకు వెడల్పుగా, నేలకు సమాంతరంగా పరుచుకుని ఉంటుంది. ఎండ మొత్తం దాని మీదే పడుతుంది. చైనా రకం ఆకు చిన్నగా, నిక్కపొడుచుకుని ఉంటుంది కాబట్టి ఎండ పక్కకు జారి కింది ఆకులకూ అందుతుంది. అందుకే పల్లపు మైదానంలో ఉండే అస్సాం రకానికి నీడ అవసరం ఎక్కువ. చల్లని డార్జిలింగ్ కొండల్లోని చైనా రకానికి ఆ అవసరం తక్కువ.

ఎరువు బస్తా వచ్చింది.. చెట్టుకు గొడ్డలి పడింది

నీడ ఇంత మేలు చేస్తే అన్ని దేశాలూ అదే దారిలో నడవాలి కదా? నడవలేదు. కెన్యాలోని కెరిచో ప్రాంతం భూమధ్యరేఖకు దగ్గరే అయినా సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వాతావరణం చల్లగా ఉంటుంది కాబట్టి ఆకు మాడే సమస్య పెద్దగా లేదు. 1960లలో అక్కడ చేసిన ప్రయోగాల్లో నీడ చెట్లున్న మడుల్లో దిగుబడి తగ్గింది. దాంతో కెన్యా తోటలు నీడ లేకుండానే విస్తరించాయి.

శ్రీలంకలో కారణం వేరు. 1946లో అక్కడికి బొబ్బ తెగులు చేరింది. లేత ఆకుల మీద పొక్కులు లేపే ఈ శిలీంధ్రానికి తడి, నీడ అంటే పండగే. కొండ తోటల్లో చాలావరకు నీడను పల్చన చేశారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో రసాయన ఎరువులు సులువుగా దొరకడంతో చెట్టు ఆకు ఇచ్చే నత్రజనికి విలువ ఇంకా తగ్గింది. ఎరువు తక్కువగా వేసే తోటలో నీడ చెట్టు చేసే మేలు స్పష్టంగా కనిపిస్తుంది. బస్తాలకు బస్తాలు గుప్పించే చోట ఆ తేడా మరుగున పడుతుంది.

అయితే ఎరువు మీదే పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో 2021లో శ్రీలంకే చూపించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని ప్రభుత్వం ఒక్కసారిగా నిషేధించింది. నవంబర్‌లో వెనక్కి తగ్గినా అప్పటికే దెబ్బ తగిలింది. 2021లో దాదాపు 30 కోట్ల కిలోలున్న టీ ఉత్పత్తి 2022లో సుమారు 25 కోట్ల కిలోలకు దిగజారింది. ఆర్థిక సంక్షోభం, ఇంధన కొరత కూడా దానికి తోడయ్యాయి. రాలిన ఆకు నేలను బాగు చేయడానికి ఏళ్లు పడుతుంది. ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిన మర్నాడు అది ఎరువు బస్తాకు బదులు కాలేదు.

నీడ ఎక్కువైనా ముప్పే

'చెట్లు నాటండి, అంతా సర్దుకుంటుంది' అనే మాట వినడానికి బాగుంటుంది. తోటలో లెక్క అంత సులువుగా కుదరదు.

ఎండ ఎక్కువగా తగిలే పొడి తోటల్లో ఎర్రనల్లి విజృంభిస్తుంది. ఆకు రాగి రంగుకు తిరిగి ముడుచుకుపోతుంది. నీడ ఉంటే దాని ఉధృతి తగ్గుతుంది. కానీ అదే నీడ చిక్కబడి, తేమ నిలిస్తే టీ దోమ మొదలవుతుంది. పేరుకు దోమే గానీ ఇది లేత చిగురు రసం పీల్చే నల్లి జాతి పురుగు. కోయాల్సిన రెండాకులు, మొగ్గ మీదే దాని దాడి. అంటే నీడ మరీ తక్కువైతే ఒక పురుగు, మరీ ఎక్కువైతే ఇంకో పురుగు.

అందుకే ఎండను పూర్తిగా అడ్డుకోకుండా సుమారు సగం కిందకు దిగేలా చూస్తారు. అస్సాంలో పెద్ద చెట్లను దాదాపు 12 మీటర్ల ఎడంతో నాటుతారు. అవి ఎదిగేలోపు లేత టీ మొక్కలు మాడిపోకుండా 'బోగా మెడలోవా' లాంటి త్వరగా పెరిగే పొదలను తాత్కాలిక నీడగా వేస్తారు. పెద్ద చెట్టు అందుకున్నాక ఈ పొదలను తీసేస్తారు.

ముసలిదైన చెట్టును తీసేయడానికీ ఓ పద్ధతుంది. నేరుగా నరికేస్తే నేలలో మిగిలిన వేళ్లకు శిలీంధ్రం పట్టి, అది పక్కనున్న టీ పొదల వేళ్లకు పాకుతుంది. వేరుకుళ్లు వచ్చిన చోట పొదలు ఒకదాని వెంట ఒకటి ఎండిపోతాయి. అందుకే ముందుగా మొదలు చుట్టూ బెరడు వలుస్తారు. వేళ్లలో దాచుకున్న పిండి పదార్థం ఖర్చైపోయి, చెట్టు నెమ్మదిగా ఎండాకే నరుకుతారు. నాటిన రోజు నుంచి తీసేసే రోజు దాకా ఇది పని తెలిసిన మనుషులు చేయాల్సిన పని. మనుషుల్ని తగ్గించుకుంటున్న తోటలో మొదట వెనకబడేది కూడా ఇదే.

దక్షిణాదిలో ఒకే చెట్టు రాజ్యం

నీలగిరులు, వాల్పరై, మున్నార్ తోటల్లో కనిపించే నీడ చెట్టు దాదాపుగా ఒక్కటే. సిల్వర్ ఓక్. ఇది తూర్పు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. నత్రజనిని పట్టుకునే జాతి కాదు. అయినా ఇక్కడ పాతుకుపోవడానికి కారణాలున్నాయి. నిటారుగా, త్వరగా ఎదుగుతుంది. కొమ్మలు నరికినా మళ్లీ చిగురిస్తుంది. వర్షాకాలానికి ముందు కొమ్మలు కొట్టేస్తే కింద వెలుతురు పెరిగి బొబ్బ తెగులు అదుపులో ఉంటుంది. చలికాలం రాత్రుళ్లు మంచు గడ్డకట్టే చోట పైనున్న కొమ్మలు పొదను కాపాడతాయి. మిరియం తీగ పాకించుకోవచ్చు. కలపకు గిరాకీ ఉంటుంది.

ఇబ్బంది ఎక్కడంటే, కొండలకు కొండలు ఒకే జాతి చెట్టుతో నిండిపోవడం. పశ్చిమ కనుమల్లో టీ వేసిన చాలాచోట్ల ఒకప్పుడు వానకారడవి ఉండేది. వాల్పరై చుట్టుపక్కల నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు రెండు దశాబ్దాలకు పైగా అడవి ముక్కలను పునరుద్ధరిస్తూ, తోటల్లో స్థానిక జాతుల నీడ చెట్లు పెంచాలని చెబుతున్నారు. రకరకాల స్థానిక చెట్లున్న తోటకు అడవి పక్షులు వస్తాయి. వాటిలో చాలా పక్షులకు పురుగులే తిండి. ఒక్క సిల్వర్ ఓకే ఉన్న తోట పైనుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది గానీ అంత జీవం కనిపించదు.

మరి రైతు స్థానిక జాతులు ఎందుకు నాటడు? అవి ఆలస్యంగా ఎదుగుతాయి. పైగా రోజ్‌వుడ్ లాంటి విలువైన జాతులను సొంత నేలలో పెంచినా నరకడానికి అనుమతులు కావాలి. అడవిని కాపాడటానికి పెట్టిన నిబంధనే, తోటలో ఆ చెట్టు నాటకుండా రైతును వెనక్కి లాగుతోంది.

చిన్న రైతు లెక్క వేరు

టీ అంటే పెద్ద బంగళా, వందల ఎకరాల ఎస్టేట్ అనే బొమ్మ ఇప్పుడు సగమే నిజం. దేశంలో తయారయ్యే టీలో సగానికి పైగా చిన్న సాగుదారుల ఆకుతోనే వస్తోంది. టీ బోర్డు లెక్కలో 10.12 హెక్టార్లు, అంటే 25 ఎకరాల లోపు ఉన్నవాళ్లంతా చిన్న సాగుదారులే. వీళ్లలో చాలామందికి ఉన్నది కొద్ది ఎకరాలు మాత్రమే.

వీళ్లకు ఫ్యాక్టరీ ఉండదు. కోసిన ఆకును గంటల వ్యవధిలో కొనుగోలు ఫ్యాక్టరీకి చేర్చాలి. ఆలస్యమైతే ఆకు పాడవుతుంది. అందుకే ఫ్యాక్టరీ చెప్పిందే ధర. కిలో టీ తయారీకి నాలుగు కిలోలకు పైగా పచ్చి ఆకు కావాలి. బజారులో టీ పొడి ధర పెరిగినంత మాత్రాన పచ్చి ఆకు ధర అంతే పెరుగుతుందన్న భరోసా లేదు.

ఇలాంటి రైతుకు నీడ చెట్టు మంచిదని చెప్పడం తేలికే. చెట్టు సరైన నీడ ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా నాటడం, కంచె, కొమ్మలు కొట్టించడం అన్నీ చేతి ఖర్చే. తుపాను గాలికి చెట్టు పడితే కింద పొదలూ పోతాయి. ఎండాకాలంలో నీళ్ల కోసం చెట్టు వేళ్లు పొదతో పోటీ పడే చోట్లూ ఉన్నాయి. వారం వారం వచ్చే ఆకు డబ్బుతో ఇల్లు నడిపే రైతు పదేళ్ల తర్వాత వచ్చే లాభం కోసం ఇవాళ చేతిలో ఉన్నది పెట్టాలి.

పెట్టకపోతే? ఎండ పెరిగితే పురుగు పెరుగుతుంది. పురుగు పెరిగితే మందు డబ్బా చేతికొస్తుంది. మందు అవశేషాలు పరిమితి దాటితే ఆకు కొనేవాళ్లు ఉండరు. 2024లో ఇది స్పష్టంగా బయటపడింది. అవశేషాల పరీక్షల్లో తమ టీ తిరస్కరణకు గురవుతోందంటూ జూన్ 1 నుంచి చిన్న రైతుల పచ్చి ఆకు కొనబోమని అస్సాంలో కొనుగోలు ఫ్యాక్టరీల సంఘం ప్రకటించింది. లక్షల కుటుంబాల్లో గుబులు పుట్టింది. మందు కొట్టొద్దని రైతుకు చెప్పే ముందు, మందు అవసరం తగ్గేలా తోటను మార్చుకునే స్తోమత అతనికి ఉందా అన్నది చూడాలి.

ఆకు కోసేవాళ్ల నెత్తిన నీడ

దిగుబడి చర్చలో మరుగున పడే మాట ఇంకొకటి ఉంది. నీడ పొదకే కాదు, దాని పక్కన నిలబడే మనిషికీ కావాలి. ఆకు కోసేవాళ్లలో ఎక్కువమంది మహిళలు. వీపున బుట్ట, ఉక్కపోత, గంటల తరబడి నిలబడి పని. అస్సాం బ్రహ్మపుత్ర లోయ తోటల్లో 2023 అక్టోబర్‌లో పెంచాక వారి రోజుకూలి 250 రూపాయలు అయింది. ఇన్ని కిలోలు కోయాలన్న లెక్క ఉంటుంది. పొద వేడికి చిగురు వేయకపోతే ఆ లెక్క అందుకోవడం కష్టం. చెట్టు లేని మడిలో నష్టం యజమాని ఖాతాలో కంటే ముందు కూలీ ఒంటి మీద కనిపిస్తుంది.

ఈ కష్టంతో తెలుగువాళ్లకూ బంధం ఉంది. బ్రిటిష్ కాలంలో అస్సాం తోటల పనికి తీసుకెళ్లిన వాళ్లలో ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల కుటుంబాలు కూడా ఉన్నాయి. అక్కడి టీ తోటల సమాజాల్లో తెలుగు మూలాలున్న వాళ్లను ఇప్పటికీ 'తెలంగ' అనే పేరుతో పిలుస్తారు.

అరకు ఏం నేర్చుకోవాలి?

మన దగ్గర ఈ చర్చ టీతో కాదు, కాఫీతో ముడిపడి ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో గిరిజన రైతులు పండించే అరబికా కాఫీ పూర్తిగా నీడ పంటే. అక్కడ కూడా ప్రధాన నీడ చెట్టు సిల్వర్ ఓకే. దానికి మిరియం తీగలు పాకించడం వల్ల ఒకే నేలలో కాఫీతో పాటు మిరియాల ఆదాయమూ వస్తుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

టీ తోటల అనుభవం ఇక్కడ రెండు విషయాలు చెబుతోంది. ఒకటి, చెట్టు నుంచి రైతుకు మధ్యలోనే ఏదో ఒక ఆదాయం వస్తే దాన్ని ఎవరూ చెప్పకుండానే కాపాడుకుంటాడు. మిరియం చేస్తున్న పని అదే. రెండు, నీడ మొత్తం ఒకే జాతి మీద ఆధారపడితే ఆ జాతికి తెగులో, గాలివానో వచ్చినప్పుడు పంట మొత్తం ఒకేసారి ఎండకు చిక్కుతుంది. పనస, మామిడి, దిరిసెన లాంటివి మధ్యమధ్యలో ఉంటే ఆ ముప్పు తగ్గుతుంది.

తేల్చాల్సింది ఖర్చు ఎవరిదని

నీడ చెట్టు పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకు టీ లోకం వందేళ్ల కిందటే జవాబు వెతకడం మొదలుపెట్టింది. వేడి మైదానంలో పనిచేస్తుంది. చల్లని ఎత్తులో అంత అక్కర్లేదు. ఎక్కువైతే చేటు చేస్తుంది. ఇప్పుడు మారుతున్నది వాతావరణం. నిన్నటిదాకా నీడ అక్కర్లేదనుకున్న చోట రేపు అవసరం రావచ్చు. ఎండ ముదిరాక చెట్టు నాటితే ఆలస్యమే. ఎందుకంటే చెట్టుకు కావాల్సింది కాలం, అది ఏ పథకం కింద ముందస్తుగా దొరకదు.

తోటల పునరుద్ధరణకు ఇచ్చే సాయంలో టీ మొక్కతో పాటు నీడ చెట్టును, మొదటి కొన్నేళ్ల దాని సంరక్షణను లెక్కలోకి తీసుకోవడం ఒక దారి. సొంత తోటలో నాటిన స్థానిక చెట్టును తర్వాత కోసుకునే హక్కు రైతుకు స్పష్టంగా ఇవ్వడం ఇంకో దారి. మందు అవశేషాలు లేని ఆకుకు ఫ్యాక్టరీ నాలుగు రూపాయలు ఎక్కువ పెడితే, ఆ డబ్బే చెట్టుకు పెట్టుబడి అవుతుంది.

ఇవేవీ లేకుండా చిన్న రైతుకు చెట్లు నాటమని సలహా మాత్రమే ఇస్తే, పదేళ్ల ఖర్చు అతని నెత్తిన పడుతుంది. చల్లదనం, శుభ్రమైన ఆకు, నిలకడగా దొరికే టీ మాత్రం అందరికీ పంచుతారు. ఆ లెక్క సరిచేయకపోతే 2024 లాంటి ఏడాది మళ్లీ వచ్చినప్పుడు కూడా టీకొట్టు దగ్గర మాట్లాడుకునేది పాలు, పంచదార గురించే అవుతుంది.